డ్రాలో వచ్చిన ఇళ్లు

1979లో ఢిల్లీ అభివృద్ధి సంస్థ (డీడీఏ) ఇళ్లకోసం కొత్త రిజిస్ట్రేషన్ పథకం ప్రకటిస్తే, లక్షా డెబ్బై వేలమందికి పైగా పేర్లు రాయించుకున్నారు. జనతా, ఎల్‌ఐజీ, ఎంఐజీ అని ఆదాయాన్ని బట్టి మూడు వర్గాలు. ఏ ఫ్లాటు ఎవరిదో డ్రా తేల్చేది. మసూద్‌పూర్, కిషన్‌గఢ్ ఊళ్ల పక్కన లేచిన మా వసంత్ కుంజ్ పాకెట్లలోకి చాలామంది ఏళ్లతరబడి ఎదురుచూసి వచ్చారు. వడగాడ్పు ఏ గోడకు కొడుతుందో తాళం చేతికొచ్చాకే తెలిసేది. అందుకే ఇక్కడ కట్టినప్పటి బాల్కనీ అలాగే మిగిలిన ఇల్లు అరుదు. కొందరు గాజు బిగించారు, కొందరు గదిలో కలిపేసుకున్నారు. ఉండబోయేవాళ్లను ముందే అడిగి ఉంటే ఆ ఖర్చు తప్పేది.

అడిగే పద్ధతీ అప్పటికే ఉంది. అదే 1979లో అమెరికాలోని నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ ఆచార్యుడు హెన్రీ శానాఫ్ ‘డిజైన్ గేమ్స్’ పుస్తకం తెచ్చారు. ఆయన ఆటలో ఒక్కొక్కరూ తమకు ముఖ్యమైనవి కొన్ని ఏరుకుంటారు. తర్వాత గుంపుగా కూర్చుని, అందరికీ సమ్మతమైన కొన్నింటికి కుదించుకోవాలి. నా ఉద్దేశంలో ఆ వాదులాటే ఆటకు ప్రాణం. ఎందుకు కావాలో చెప్పక తప్పదు.

మనవాళ్లలో పరిశోధకురాలు మాధవి ఇంద్రగంటి 2008లో హైదరాబాద్ అపార్ట్‌మెంట్లు తిరిగి, ఎంత వేడిలో హాయిగా ఉందో ఉంటున్నవాళ్లనే అడిగారు. అది ఆట కాదు, సర్వే. అయినా ఎంత చెప్పిందో! అప్పటి భవన నిబంధనల్లో 23 నుంచి 26 డిగ్రీలని ఉంటే, ఆ ఇళ్లవాళ్లకు 29 దగ్గర హాయిగా ఉంది.

సర్వేకి నోరు విప్పనివాళ్లూ ఉంటారు. “ఇంట్లో గాలి ఆడుతోందా ఆంటీజీ?” అంటే మా మెట్ల వరసలో ఉండే పెద్దావిడ “అంతా బాగుంది బేటా” అనేస్తారు. ఆవిడ ఫ్లాటు ప్లాను కాగితం మీద గీసి, గుప్పెడు చింతగింజలిచ్చి, జూన్‌లో ఏ పూట ఎక్కడుంటారో పెట్టమన్నాను. మధ్యాహ్నం గింజలన్నీ నడవలో పడ్డాయి. పడమటి గోడ సెగకు పడకగది వదిలి, నేలమీద చాప వేసుకుంటారట. వంటింట్లో ఒక్క గింజా పెట్టలేదు. “అక్కడుండేది కోడలు, దాన్నడుగు” అన్నారు.

కోడలు గింజలు ముట్టలేదు. పెన్ను అడిగి తీసుకుని, నేను గీసిన స్టవ్వు కొట్టేసి కిటికీ పక్కకు మార్చింది. “పదేళ్లుగా చెబుతున్నా, ఇదే!” అంది, అత్తగారి వైపు చూస్తూ. ఆవిడ కాగితం దగ్గరకు లాక్కుని, మరి సిలిండరు ఎక్కడ పెడతావని అడిగారు.