వైకింగులు ముస్లింలు అయ్యేవారేనా?

స్టాక్‌హోమ్ చరిత్ర మ్యూజియంలో వైకింగుల సొమ్ములు చూస్తూ ఒకచోట ఆగిపోయాను. వెండి నాణేల మీద అరబ్బీ రాత! పాతబస్తీలో పెరిగినదాన్ని, చదవడం రాకపోయినా ఆ లిపిని ఎక్కడైనా గుర్తుపడతాను. నాణెం మీద ఉన్నది 'అల్లా తప్ప వేరే దేవుడు లేడు' అన్న కలిమా. చర్చిల మీద పడి దోచుకున్నవాళ్ల ఇళ్లకు ఈ మాట ఎలా చేరింది?

కుప్పలు కుప్పలుగా చేరింది. 1999లో గోట్లాండ్ దీవిలోని స్పిల్లింగ్స్ దగ్గర పొలంలో 67 కిలోల వెండి బయటపడింది. నాణేలే 14 వేలకు పైగా, దాదాపు అన్నీ ఇస్లామిక్ రాజ్యాలవి. వైకింగులు నదుల మీదుగా వోల్గా దాకా వెళ్లి బొచ్చు తోళ్లు, కత్తులు అమ్మేవారు. పట్టుకెళ్లిన మనుషుల్నీ అమ్మేవారు. ఆ వెండి తళతళ చూసి మురిసిపోబోతే ఈ సంగతి గుర్తొచ్చి మనసు కలుక్కుమంటుంది.

వోల్గా ఒడ్డున బల్గారు రాజు ఇస్లాం తీసుకుని, మతం నేర్పేవాళ్లను పంపమని బాగ్దాదు ఖలీఫాను అడిగాడు. అలా 922లో అక్కడికి వచ్చిన ఖలీఫా దూత ఇబ్న్ ఫద్లాన్, వైకింగు వర్తకులు ఖర్జూరపు చెట్లంత పొడుగున్నారని రాశాడు. ఇంకో సంగతీ రాశాడు: అక్కడ వేసవి రాత్రి ఎంత చిన్నదంటే, తెల్లవారు నమాజు తప్పిపోతుందని మౌజన్ నిద్రే పోవడం లేదట. రంజాన్ జూన్‌లో వచ్చిన ఏళ్లలో ఇక్కడ స్టాక్‌హోమ్‌లోనూ అంతే, ముస్లింలు రాత్రి పది దాటాక ఉపవాసం విడిచి, మూడు కాకముందే మళ్లీ మొదలుపెట్టేవారు. హైదరాబాదులో సైరన్ మోగగానే హలీం బట్టీల చుట్టూ మూగే జనం కళ్లముందు మెదిలి, నాకు ఆ రాత్రులు నిద్ర పట్టేది కాదు.

కీవ్ రాజు వ్లాదిమిర్ వైకింగుల వంశంవాడే. 986లో బల్గార్లు ఆయన్ని ఇస్లాంలోకి పిలిచారనీ, మద్యం మానాలనగానే వద్దన్నాడనీ రష్యా పాత చరిత్ర చెబుతుంది. మద్యం కంటే పెద్ద కారణం పెళ్లి సంబంధం అనుకుంటాను. 988 ప్రాంతంలో ఆయన బాప్తిస్మం తీసుకున్నాడు, బైజాంటియం చక్రవర్తి చెల్లెలు అన్నాను పెళ్లాడాడు. తర్వాత స్వీడన్ రాజు ఓలోఫ్ తన కూతురు ఇంగెగెర్డ్‌ను వ్లాదిమిర్ కొడుకు యారొస్లావ్‌కే ఇచ్చాడు. వియ్యంకుల ఇంట నమాజు మొదలై ఉంటే ఆ గాలి ఇక్కడిదాకా వీచేదే.

మన వినుకొండలోనూ రోమన్ బంగారు నాణేలు దొరికాయి. వాటివల్ల మనవాళ్లు రోమన్ దేవుళ్లను కొలవలేదు. డబ్బు వెంట మతం రాదు, మనిషి వచ్చి ఊళ్లో కాపురం ఉండాలి. 829లో అన్స్‌గార్ అనే క్రైస్తవ సన్యాసి స్వీడన్‌లోని వైకింగుల వర్తక పట్నం బిర్కాకు వచ్చాడు. మౌల్వీ ఎవరైనా వచ్చినట్టు దాఖలా లేదు. పదో శతాబ్దం చివరికి అరబ్బీ వెండి ఎండిపోయి, జర్మనీ, ఇంగ్లండు నాణేలు వచ్చాయి. కొంతకాలానికే ఓలోఫ్ రాజూ బాప్తిస్మం తీసుకున్నాడు.

బల్గార్ల వారసులమని చెప్పుకునే కజాన్ తాతార్లు నేటికీ ముస్లింలే. వాళ్లతో ఒకే సంతలో బేరమాడినవాళ్ల దేశపు జెండా మీద శిలువ ఉంది.