గుర్రపు ప్రయాణంలో నష్టం ఎవరిది? రవాణా నిర్వహణ చరిత్రపై ఒక పరిశీలన

మధ్యయుగ దక్షిణాపథంలో గుర్రాల వ్యాపారంపై పరిశోధనలు తక్కువేమీ లేవు. ధరలు, రేవులు, అశ్వబలాల సంఖ్యలు చర్చకు వచ్చినంతగా గుర్రాన్ని మోసిన ఓడ స్థితిగాని, బండి స్థితిగాని చర్చకు రాలేదు. గుర్రం బరువూ బెదురూ రెండూ ఉన్న సరకు. దారిలో అది చస్తే ఆ నష్టం ఎవరి నెత్తిన పడుతుందన్న దాన్ని బట్టే, అది నిలబడే అడుగుపలక గట్టిదనాన్ని ఎవరు పట్టించుకుంటారన్నది చాలావరకు తేలుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కాకతీయ గణపతిదేవుని మోటుపల్లి అభయశాసనం (1244) ఈ చర్చకు మంచి ప్రారంభం. తుఫానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు మొదలైనవాటిని పూర్వరాజులు బలవంతంగా తీసుకునేవారని చెప్పి, సుంకం తప్ప మిగిలినదంతా వర్తకులదేనని అది అభయమిస్తుంది. సముద్రం చేసిన నష్టం మీద రాజు చేసే నష్టం ఇలా తొలగింది. ఓడలో చచ్చిన గుర్రం మాత్రం వర్తకుడి ఖాతాలోనే మిగిలింది.

విజయనగర కాలానికి ఈ లెక్క తారుమారైంది. సాళువ నరసింహరాయలు హొర్ముజు, ఏడెన్ల నుండి వచ్చే గుర్రాలను బ్రతికినా చచ్చినా వెయ్యి పర్దావులకు మూడు చొప్పున కొన్నాడనీ, సముద్రంలో చచ్చినవాటికి తోక తెస్తే చాలనీ పోర్చుగీసు రచయిత నూనిజ్ రాశాడు. తోకే రసీదన్నమాట! దీన్ని రాజు ఔదార్యానికి నిదర్శనంగా చెప్పడం పరిపాటి. నా దృష్టిలో ఇది రాజ్యం భరించిన రవాణా బీమా. వర్తకులను రప్పించడానికి ఇంతకన్నా మంచి ఉపాయం లేదు. అయితే బ్రతికిన గుర్రానికీ చచ్చిన గుర్రానికీ ఒకటే ధర పలికినప్పుడు ఓడలో గాలి, నీళ్లు, కట్లు సరిచూసే శ్రద్ధకు ధరలో ప్రతిఫలం లేదు.

నూనిజ్ తరువాత సుమారు మూడు శతాబ్దాలకు బ్రిటన్‌లో ఇదే ప్రశ్న నేలమీది బండి విషయంలో తలెత్తింది. పందెపు గుర్రాలను అప్పట్లో రోజుల తరబడి రోడ్ల మీద నడిపించుకుంటూ తీసుకువెళ్లేవారు. 1836లో లార్డ్ జార్జ్ బెంటింక్ ‘ఎలిస్’ అనే గుర్రాన్ని గుడ్‌వుడ్ నుండి డాంకాస్టర్‌కు మెత్తలు కుట్టిన పెద్ద బండిలో పంపాడు. బండిని లాగిన గుర్రాలను మజిలీ మజిలీకి మార్చారు. ఎలిస్ సెయింట్ లెజర్ పందెం గెలిచింది. పందెపురాయుళ్లు మోసపోయిన వైనమే ఈ కథలో ప్రసిద్ధం. బండి చేయించినవారి ప్రయోజనమూ గుర్రం క్షేమమూ ఒకటే కావడం ఇక్కడ మనకు ముఖ్యం.

రైల్వేలు వచ్చాక ఈ రెండూ విడిపోయాయి. గుర్రం ఒకరిది, పెట్టె కంపెనీది. ఎలా జరిగిన నష్టానికీ తమది బాధ్యత కాదని కంపెనీలు టికెట్టు మీద అచ్చువేసేవి. 1852లో ‘కార్’ కేసులో న్యాయస్థానం ఆ షరతునే సమర్థించింది. 1854 నాటి రైల్వే, కాలువల రవాణా చట్టం నిర్లక్ష్యానికి కంపెనీని బాధ్యురాలిని చేసింది. కాని అధిక విలువ ముందుగా ప్రకటించి అదనపు రుసుము కట్టకపోతే గుర్రానికి 50 పౌండ్లే పరిమితి. 1859లో ‘మెక్‌మానస్’ కేసులో గుర్రాలు గాయపడింది పెట్టె సరిగా లేకపోవడం వల్లే. సర్వబాధ్యతనూ తోసిపుచ్చే షరతు న్యాయసమ్మతం కాదని అప్పీలులో తేలింది. బండి మరమ్మతు ఇలా న్యాయశాస్త్ర విషయమైంది.

నేడు కారు వెనుక లాగే ట్రైలర్‌లో చాలాచోట్ల గుర్రపు యజమానే బండి యజమాని కూడా. సుమారు 500 కిలోల జంతువు నాలుగు డెక్కల మీద నిలబడే నేల అది. మూత్రం రబ్బరు చాప కిందికి దిగి చెక్కను కుళ్లబెడుతుంది, అల్యూమినియాన్ని తినేస్తుంది. పైకి ఏమీ కనబడదు. చాపలు ఎత్తి ఆరబెట్టాలి, పలకను పైనా కిందా స్క్రూడ్రైవరుతో పొడిచి చూడాలి. టైర్లు అరగకపోయినా వయసుతో పగుళ్లిస్తాయి. కదలక నిలిచిన బండికి బ్రేకులు పట్టేస్తాయి. ఇవన్నీ చూసేవారూ, చూడకపోతే నష్టపోయేవారూ ఒకరే. కాబట్టి ఈ దశకు సంబంధించిన ఆధారాలను తీర్పుల్లో కన్నా సర్వీసు పుస్తకాల్లో, మరమ్మతు రసీదుల్లో వెతకవలసి ఉంటుంది.