సోమశిల

నాగర్‌కర్నూలు జిల్లా కొల్లాపురము మండలమందు, కృష్ణవేణి నల్లమల కొండల నడుమకు జొరబడుటకు ఉపక్రమించు తావున, నదికి ఎడమ గట్టున నెలకొనియున్న చిన్న గ్రామము సోమశిల. నెల్లూరు సీమలో పెన్నానదిపై ఆనకట్ట గల సోమశిల వేరు, ఇది వేరు. కొల్లాపురము నుండి పది కిలోమీటర్లకు లోపుననే యున్న యీ గ్రామమునకు వచ్చిన బాటసారికి, చివరి మలుపు దాటినంతనే, సముద్రమునకు ఎంతో దూరమందున్నానను మాట మరపునకు వచ్చును. వానకాలము ముగిసిన పిదప ఇచ్చట కనుపించునది నది గాదు. తీరము తెలియని జలరాశి, దాని నడుమ తలలెత్తిన తిప్పలు. ఇది ప్రకృతిదత్తమైన సౌందర్యము గాక, దిగువనున్న శ్రీశైలము ఆనకట్ట వెనుకకు నెట్టిన నీటి వలన ఏర్పడిన శోభ యని ఎరిగిననే గాని సోమశిల చరిత్ర బోధపడదు.

పూర్వమీ ప్రాంతము జటప్రోలు సంస్థానములోనిది. రేచర్ల వెలమ వీరులైన సురభి వంశీయులు దీనిని పాలించిరి. ఆ వంశమువాడైన సురభి మాధవరాయలు 17వ శతాబ్దమున ‘చంద్రికాపరిణయము’ రచించి, శ్లేషచిత్రములకు పెట్టినది పేరుగా నిలిచినాడు. పరిపాలకులు 19వ శతాబ్దములో జటప్రోలు నుండి కొల్లాపురమునకు రాజధానిని మార్చుకొనగా, నిజాము రాజ్యము అంతరించువరకు సంస్థానము అచ్చటి నుండియే సాగినది. ఆ కాలమందు సోమశిల ఇప్పటికంటె దిగువగా, నదీగట్టునంటియుండిన పుణ్యక్షేత్రము. సోమేశ్వరుడే దానికి ప్రసిద్ధి.

శ్రీశైలము ఆనకట్టకు 1963 జూలై 24న నెహ్రూ పునాదిరాయి వేసిరి. పనులు నత్తనడకన సాగి, 1980 ప్రాంతమునకు గాని నీరు నిలుపుటకు అనువు పడలేదు. జలాశయపు పూర్తి మట్టము 885 అడుగులు. ఆ మట్టమునకు లోబడిన పల్లెలు, పొలములు, గుళ్లు, శ్మశానములు అన్నియు కృష్ణార్పణము గావలసి వచ్చినవి. పాలమూరు వైపునను కర్నూలు వైపునను గలిపి వంద దాపున గ్రామములు ముంపునకు లోనుకాగా, లక్షకు పైబడిన జనము కొంపగోడు వదలి కదలిరి. నిర్వాసిత కుటుంబములకు ఉద్యోగమీయవలెనని 1986లో వెలువడిన 98వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు, దశాబ్దములు గడచినను పూర్తిగా అమలు కాలేదన్న అసంతృప్తి ఆ గ్రామములలో ఇంకను చల్లారలేదు. కొందరు సాగునీటి శాఖలో లష్కరులుగా కుదురుకొనిరి. తక్కినవారు అర్జీలు పట్టుకొని తిరుగుచునే ముదుసలులైరి. దేవుళ్లకు దొరికిన పునరావాసము మనుష్యులకు దొరకలేదని తీరవాసులు ఎత్తిపొడిచిన యెడల, దానిని కాదనుట కష్టము.

ఏలననగా, ఆలయముల తరలింపు మాత్రము శ్రద్ధగా జరిగినది. రాష్ట్ర పురావస్తుశాఖవారు ముంపు ప్రాంతపు గుళ్లలో ముఖ్యమైన వానిని రాయి రాయిగా విప్పి, ప్రతి రాతికిని సంఖ్య వేసి, మెరకకు తెచ్చి, మరల యథాప్రకారముగా పేర్చిరి. నైలు నదీతీరమున అబూ సింబెల్ శిలాలయములను 1960 దశకములో ఎత్తి మరియొక చోట నిలిపినప్పుడు లోకమంతయు కన్నులప్పగించి చూచినది. కృష్ణాతీరమున జరిగిన యీ పని అంతటి ప్రచారమునకు నోచుకొనలేదు. కూడవెల్లి సంగమేశ్వరాలయము అలంపురము చేరినది. మంచాలకట్ట మాధవస్వామి కొల్లాపురమునకు వచ్చినాడు. సోమశిలలోని లలితా సోమేశ్వరాలయము ఎగువ నేలపై నిలిచినది. ఇచ్చటి ఆలయ సముదాయములో ద్వాదశ జ్యోతిర్లింగముల పేర పండ్రెండు లింగములు పూజలందుకొనుచున్నవి. శివరాత్రికిని కార్తిక పౌర్ణమికిని పరిసర గ్రామముల జనము తండోపతండములుగా వచ్చును. 2016 ఆగస్టు 12 నుండి 23 వరకు జరిగిన కృష్ణా పుష్కరములలో తెలంగాణమందలి ప్రధాన స్నానఘట్టములలో ఇదియు నొకటి.

తరలింపబడని గుడి యొకటి ఆవలి ఒడ్డున గలదు. సప్తనదీ సంగమమని పేరొందిన సంగమేశ్వరము సంవత్సరములో అధికభాగము నీటిలోనే యుండి, వేసవిలో మట్టము తగ్గినప్పుడు బయటపడును. అందలి లింగము వేపదారువుతో చేసినది. ఆ నెలలలో సోమశిల నుండి పడవలు కట్టించుకొని పోవు భక్తులు అనేకులు.

జలాశయము మాత్రము నానాటికి పూడుచున్నది. ఆరంభమున 308 టి.ఎం.సి.ల నీరు పట్టిన యీ గర్భమందు, ఇటీవలి కొలతల ప్రకారము 215 టి.ఎం.సి.లకు మించి పట్టదు, తక్కినదంతయు ఒండ్రు.

గ్రామమునకు తీరగ్రామపు లక్షణములన్నియు క్రమముగా అబ్బినవి. ఆనకట్ట నిండిన పిమ్మట కోస్తా జిల్లాల నుండి జాలరి కుటుంబములు వలస వచ్చి, గట్టున గుడిసెలు వేసికొని, పుట్టులలోను చిన్న పడవలలోను వేటకు పోవుచున్నవి. చేపపిల్లలను సైతము విడువని అలివి వలలను గురించి వీరికిని స్థానిక మత్స్యకారులకును తగవులు లేకపోలేదు. ఒడ్డున అప్పటికప్పుడు వేయించి పెట్టు చేపల రుచికై హైదరాబాదు నుండి సయితము వచ్చువారు గలరు. దేవదర్శనమునకని బయలుదేరి చేపల కొట్టు వద్దనే ఆగిపోయిన వారును లేకపోలేదు. కేంద్రప్రభుత్వము స్వదేశ దర్శనము పథకము క్రింద 2015–16లో సుమారు 91 కోట్ల రూపాయలతో మంజూరు చేసిన పర్యావరణ పర్యాటక వలయములో సోమశిల చేరిన మీదట, పర్యాటకశాఖవారి వసతిగృహములును, శ్రీశైలమునకు లాంచి ప్రయాణమును ఏర్పడినవి. కొండల నడుమ ఇరుకైన నదీమార్గమున సాగు ఆ ప్రయాణమునకు పగలు చాలభాగము పట్టును. దారి పొడవున నల్లమల అడవి; తీరమున అమరగిరి వంటి చెంచుల నివాసములు. కొల్లాపురపు మామిడి తోటలును, సింగోటము లక్ష్మీనరసింహస్వామి గుడియును అదే యాత్రలో చూడదగినవి.

నీటిపై రాకపోకలలో ప్రమాదమును చిన్నది గాదు. 2007 జనవరిలో మంచాలకట్ట సమీపమున పడవ మునిగి అరువదిమందికి పైగా మరణించిరి. నాటి నుండి వంతెన కావలెనను కోరిక బలపడగా, సోమశిలను ఆవలి ఒడ్డున సిద్ధేశ్వరముతో కలుపు తీగల వంతెనకు కేంద్రప్రభుత్వము 2022లో సుమారు 1,082 కోట్ల రూపాయల వ్యయముతో ఆమోదము తెలిపినది. దీనివలన హైదరాబాదు–తిరుపతి మార్గము ఎనుబది కిలోమీటర్ల మేర తగ్గునని అంచనా. వంతెన పూర్తియగువరకు ఆవలి ఒడ్డునకు వాహనములో పోదలచినవారికి, గద్వాల దిక్కుగా తిరిగి కర్నూలు చుట్టి వచ్చుట తప్ప గత్యంతరము లేదు.