మెకంజీ సేకరణ: కావలి సోదరుల బృందకృషి

స్థానిక చరిత్ర చదివేటప్పుడు 'మెకంజీ కైఫీయత్తులు' అనే మాట మీకు తరచుగా ఎదురవుతుంది. గ్రామాల పుట్టుక, ఆలయాలు, చెరువులు, మాన్యాలు, పాలకుల వివరాలు వీటిలో ఉంటాయి. మరి వీటిని మెకంజీయే రాశాడా? ఈ భాగంలో పరిశీలిద్దాం.

నేపథ్యం

కాలిన్ మెకంజీ స్కాట్లండుకు చెందిన సైనిక ఇంజనీరు. 1783లో భారతదేశానికి వచ్చాడు. 1799లో టిప్పు సుల్తాను మరణించాక మైసూరు సర్వే బాధ్యత ఆయనకు దక్కింది. భూమిని కొలవడం ఆయనకు తెలుసు, కానీ ఇక్కడి భాషలు రావు. ఆ లోటును తీర్చినవారిలో ముఖ్యులు కావలి వెంకట బొర్రయ్య, ఆయన సోదరులు లక్ష్మయ్య, రామస్వామి. వీరిది ఏలూరు.

పని విధానం

సర్వే అంటే పన్ను పెంచడానికేనన్న అనుమానం ప్రజల్లో ఉండేది. అందువల్ల నమ్మకం సంపాదించడమే సహాయకుల మొదటి పని. బొర్రయ్య అన్ని వర్గాలవారినీ మెప్పించగలిగేవాడు. పాత కన్నడ శాసనాలను చదివేవాడు. 1803లో చిన్న వయసులోనే మరణించాడు. అయినా పని ఆగలేదు. లక్ష్మయ్య ఆ బాధ్యత స్వీకరించాడు. సహాయకులు ఊరూరా తిరిగి కరణాల కవిలెలు, తాళపత్రాలు, వృద్ధుల జ్ఞాపకాలు సేకరించి, తమ పర్యటనల నివేదికలు పంపేవారు. 8,000కు పైగా శాసనాల ప్రతులు ఈ విధంగా చేకూరాయి.

గుర్తింపు సమస్య

భారతీయ విజ్ఞానంలోకి తనకు దారి చూపినవాడు బొర్రయ్యేనని మెకంజీ 1817 నాటి లేఖలో అంగీకరించాడు. 1821లో మెకంజీ మరణించాడు. ఆ పనిని కొనసాగిస్తానని లక్ష్మయ్య ముందుకు వచ్చాడు. అంత పెద్ద పనిని నడిపే సామర్థ్యం భారతీయుడికి లేదన్న అభిప్రాయంతో కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీ 1830లలో దాన్ని తిరస్కరించింది. ఏళ్ల తరబడి ఆ పనిని నడిపించినవాడికి దక్కిన జవాబు ఇది!

'మెకంజీ సేకరించాడు' అని నేనూ చాలాకాలం తరగతిలో చెప్పాను. అది సగం నిజమే. మంచి సభ్యుడు తన పనిని ఇతరులు అందుకునేలా చేస్తాడు. మంచి నాయకుడు ఆ పని ఎవరిదో రాసి ఉంచుతాడు. ఈ రెండింటిలో ఏది లోపించినా చరిత్రకు నష్టమే.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. బొర్రయ్య మరణించాక కూడా సేకరణ ఎందుకు ఆగలేదు?
2. మీరు పనిచేసే చోట పేరు కనిపించని ఒక సహోద్యోగి కృషిని ఐదు వాక్యాల్లో రాయండి.