ఐసోటోపు: ఒకే చోటు, వేరే బరువు

ఐసోటోపు అనే మాట 1913 నాటిది. ఒకే మూలకానికి వేర్వేరు బరువుల పరమాణువులు ఉంటాయని చెబుతున్న ఫ్రెడరిక్ సాడీకి గ్లాస్గోలో ఈ పేరు సూచించింది మార్గరెట్ టాడ్ అనే వైద్యురాలు. గ్రీకులో ‘ఇసోస్’ అంటే సమానం, ‘టోపోస్’ అంటే చోటు. ఆవర్తన పట్టికలో ఒకే గడిలో ఉండేవన్నమాట. పురుగుమందుల అవశేషాల కొలత ఈ పేరును నమ్ముకునే నడుస్తోంది. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే ఎండుమిర్చిలో క్లోర్‌పైరిఫాస్ అనే పురుగుమందు ఎంతుందో గ్యాస్ క్రొమటోగ్రఫీ-మాస్ స్పెక్ట్రోమెట్రీతో చూడాలనుకుందాం. ఎంత శుద్ధి చేసినా మిర్చి నూనె, రంగు కొంత మిగులుతాయి. యంత్రంలో మందు అతుక్కుపోయే చోట్లను అవి కప్పేయడంతో సంకేతం పెరిగి కనిపిస్తుంది. అందుకే తూచిన మిర్చి పొడిలో ముందే, పది హైడ్రోజన్ల స్థానంలో వాటి బరువైన ఐసోటోపు డ్యుటీరియం ఉన్న క్లోర్‌పైరిఫాస్‌ను తెలిసిన మోతాదులో కలుపుతారు. ఇదే అంతర్గత ప్రమాణం. సంకేతం తగ్గినా పెరిగినా అసలు మందు, ప్రమాణం రెండూ దాదాపు ఒకేలా మారతాయి, నిష్పత్తి మాత్రం నిలుస్తుంది.

మరి ఈ రెండు రూపాలూ నిజంగా ఒకే చోట ఉంటాయా? పదార్థాలను విడదీసే గొట్టం, అంటే కాలమ్‌లో ఉండవు. డ్యుటీరియం రూపం కాస్త ముందే బయటికొస్తుంది. కార్బన్-13 రూపమైతే దాదాపు కలిసే వస్తుంది గానీ ఖరీదెక్కువ. నా లెక్కలో ముందే బయటికి రావడం పెద్ద చిక్కు కాదు. గట్టి ఆక్షేపణ వేరే ఉంది: ల్యాబ్‌లో కలిపిన ప్రమాణం పొడికి పైపైనే అంటుకుంటుంది, చేలో చల్లిన మందు తొక్కలోకి ఇంకిపోయి ఉంటుంది. ద్రావకం దాన్ని పూర్తిగా లాగలేకపోతే ప్రమాణం మాత్రం సులువుగా వచ్చేసి ఫలితం తగ్గుతుంది, ఆ తప్పు నిష్పత్తిలో కనపడనే కనపడదు. పొడిని నీళ్లలో నాననిచ్చి, ప్రమాణం కలిపాక కాసేపు ఆగి ద్రావకం పోస్తే ఆ లోటు తగ్గుతుంది, పూర్తిగా పోదు.