పేరు మార్చుకోని పిల్ల

ఏరువాక పాట తెలియని తెలుగువాళ్ళు అరుదు. తాపీ చాణక్య 'రోజులు మారాయి' (1955) కోసం కొసరాజు రాశాడు, జిక్కీ పాడింది. తెలుగుదనమంటే ఇదీ అని చూపించుకునే పాటల్లో అదొకటి. ఆ పాటకి ఆడింది మాత్రం ఇంట్లో ఉర్దూ మాట్లాడుకునే ముస్లిం పిల్ల. ఈ సంగతి మనలో ఎంతమందికి గుర్తుంది?

వహీదా రెహమాన్ 1938లో చెంగల్పట్టులో పుట్టింది. (హైదరాబాదీ అని మనవాళ్ళు మురిసిపోతుంటారు. ముచ్చటగానే ఉంటుంది గానీ నిజం కాదు.) తండ్రి మద్రాసు ప్రెసిడెన్సీలో ప్రభుత్వోద్యోగి. కూతుళ్ళు నాట్యం నేర్చుకుంటామంటే అడ్డుచెప్పలేదు. అడ్డు మరోవైపు నుంచి వచ్చింది. ముస్లిం పిల్లకి భరతనాట్యం నేర్పడానికి గురువు వెనకాడి, జాతకం తెమ్మన్నాడు. మన ఇళ్ళల్లో జాతకాలెక్కడివి? చివరికి ఆయనే జాతకం వేసి, శిష్యురాలిగా ఒప్పుకున్నాడు. తండ్రి పోయాక ఇల్లు గడవడానికి అక్కరకొచ్చింది ఆ నాట్యమే.

'మిస్సమ్మ' చూద్దామని గురుదత్ హైదరాబాదు వచ్చినప్పుడు, 'రోజులు మారాయి'లో ఆడిన అమ్మాయికి జనం నీరాజనాలు పడుతున్నారు. ఆ పిల్లకి ఉర్దూ బాగా వచ్చని పంపిణీదారు చెప్పాడు. తెలుగు పాట పేరు తెచ్చింది, ఉర్దూ బొంబాయి దారి చూపించింది. ఈ రెండు నాలుకల బతుకు మనకి కొత్తదేం కాదు.

అసలు పేచీ బొంబాయిలో, 'సి.ఐ.డి.' (1956) ఒప్పందం దగ్గర వచ్చింది. పేరు మరీ పొడుగు, మార్చుకోమన్నాడు దర్శకుడు రాజ్ ఖోస్లా. ముంతాజ్ జెహాన్ మధుబాల అయింది, మహజబీన్ మీనాకుమారి అయింది, యూసుఫ్ ఖాన్ దిలీప్ కుమార్ అయ్యాడు. అందరి కారణం ఒకటే అనలేం. సినిమాల్లో చేరిన సంగతి తండ్రికి తెలుస్తుందన్న భయం యూసుఫ్‌ది. కానీ మార్పు ఎటునుంచి ఎటు జరిగిందో గమనించాలి. ఈ పదిహేడేళ్ళ పిల్ల మాత్రం అమ్మానాన్నలు పెట్టిన పేరు మార్చుకోనంది. నచ్చని దుస్తులు వేసుకోనన్న షరతు కూడా రాయించుకుంది. మైనరు కనక సంతకం తల్లి పెట్టింది. వహీదా అంటే సాటిలేనిది, రహ్మాన్ అంటే దయామయుడు. ఆ పేరు అలాగే తెరకెక్కింది.

తర్వాతిదంతా తెలిసిందే: 'ప్యాసా' (1957), 'చౌద్‌వీ కా చాంద్' (1960), దేవదాసీ కూతురు రోజీగా ఫిల్మ్‌ఫేర్ అవార్డు తెచ్చిన 'గైడ్' (1965), జాతీయ అవార్డు తెచ్చిన 'రేష్మా ఔర్ షేరా' (1971). తెలుగుకీ మళ్ళీ వచ్చింది: 1974లో 'బంగారు కలలు', 1986లో 'సింహాసనం'. 2021 సంవత్సరపు దాదాసాహెబ్ ఫాల్కే అవార్డును 2023లో ప్రకటించినప్పుడు చదివిందీ ఆ పొడుగు పేరే.

అన్నట్టు, ఏరువాక బాణీ కూడా బొంబాయి వెళ్ళింది. 1960లో 'బొంబయి కా బాబు'లో వేరే మాటలతో వినిపించింది. ఆ సినిమా దర్శకుడూ రాజ్ ఖోస్లాయే.