సీటొకటి, ఫీజొకటి

సికింద్రాబాద్‌లో తిరుమలగిరి, బొల్లారం వైపు ఫౌజీల ఇళ్లలో ఇంటర్ అయిన పిల్లలుంటే ‘క్యాప్ కోటా’ మాట రాక మానదు. సైనికుల పిల్లలకు ఇంజినీరింగ్ సీట్లలో 2 శాతం. కోటాలో సీటొస్తే ఫీజూ ఉండదనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అది సీటు వరకే. ఫీజు కథ 1971 డిసెంబరులో మొదలైంది.

పాకిస్థాన్‌తో యుద్ధం 13 రోజుల్లో ముగిసింది. ఢాకాలో లొంగుబాటు, ఇక్కడ సంబరాలు. మరి ప్రాణాలొదిలినవాళ్ల, ఆచూకీ తెలియనివాళ్ల, కాలో చెయ్యో పోగొట్టుకుని ఇల్లు చేరినవాళ్ల పిల్లల చదువెలా? ఆ ఖర్చు మాదేనంది కేంద్రం. 1972 నుంచి ట్యూషన్ ఫీజు, హాస్టల్, పుస్తకాలు, యూనిఫాం అన్నీ ఇచ్చింది. హెడ్‌మాస్టరు సంతకం పెడితే బస్సు చార్జీ కూడా! ఆఫీసరా, జవానా అన్న తేడా లేదు. తర్వాత శ్రీలంక వెళ్లిన శాంతిసేన, సియాచిన్‌లో ఆపరేషన్ మేఘదూత్‌కు వెళ్లినవారి కుటుంబాలనూ చేర్చారు.

ఏడో వేతన సంఘం వచ్చాక లెక్కలు మారాయి. ట్యూషన్, హాస్టల్ కలిపి నెలకు 10,000 రూపాయలు మించి ఇవ్వబోమని 2017 జులై 1 నుంచి పరిమితి పెట్టారు. ఏడాదికి 1,20,000. పేరున్న ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో ఫీజుకే అది చాలదు, హాస్టల్ మాట దేవుడెరుగు. గెలిచిన ఉత్సాహంలో ఇచ్చిన మాటను వేతన సంఘం పద్దుల్లో వేసి కోయడం నా దృష్టిలో చిన్నబుద్ధే. నౌకాదళాధిపతి అడ్మిరల్ సునీల్ లాంబా ఊరుకోలేదు. పరిమితి ఎత్తేయమని రక్షణ మంత్రి నిర్మలా సీతారామన్‌కు లేఖ రాశారు. 2018 మార్చిలో ఎత్తేశారు. కాకపోతే, చదివేది ప్రభుత్వ గుర్తింపున్న సంస్థే అయ్యుండాలి.

సైనికుల పిల్లలకే కాదు, దివ్యాంగులకూ సీటు చట్టం వేరు, ఫీజు ఉత్తర్వు వేరు. ప్రభుత్వ, ఎయిడెడ్ కాలేజీల్లో 1995 చట్టం 3 శాతం సీట్లిస్తే, 2016 చట్టం 5 శాతం చేసింది. ఫీజు మాఫీ అందులో లేదు. 2016లోనే ఐఐటీలు ఏడాది ఫీజును 90,000 నుంచి 2 లక్షలకు పెంచినప్పుడు, దివ్యాంగ విద్యార్థులకు పూర్తిగా తీసేశారు.

ఇక క్షేమంగా రిటైరైన జవాను పిల్లల సంగతి. వాళ్లకు ఉన్నది మాఫీ కాదు, 2006-07లో మొదలైన ప్రధానమంత్రి స్కాలర్‌షిప్. అమ్మాయికి నెలకు 3,000, అబ్బాయికి 2,500. ఇంటర్‌లో 60 శాతం మార్కులుండాలి, చేరేది ప్రొఫెషనల్ కోర్సు కావాలి. అప్పుడైనా అర్హులందరికీ రాదు, మెరిట్ లిస్టులో పేరుండాలి.